గుంటూరు తరఫున నేను తిన్న రొకోటో

ఆ రోజుల్లో నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆరిజోనాలోని చాండ్లర్‌లో మొదటి ఉద్యోగం. ప్రపంచంలో నాకు తెలియని విషయాలు ఒకటో రెండో ఉండొచ్చుగానీ, కారం మాత్రం వాటిలో లేదని గట్టి నమ్మకం. గుంటూరులో పుట్టినవాడికి ఆ నమ్మకం పుట్టుకతోనే వస్తుంది, దానికెవరూ పరీక్ష పెట్టరు. (నాకు పెట్టారు. అదే చెప్పబోతున్నాను.)

మా పెదనాన్న కూతురు ఆ ఊళ్ళోనే కంప్యూటర్ చిప్పులు తయారుచేసే కంపెనీలో ఇంజనీరు. ఆదివారం ఆదివారం నన్ను పిలిచి పప్పూ, వేపుడూ పెట్టి, వారానికి సరిపడా చివాట్లు కూడా పెట్టి పంపేది. ఒక ఆదివారం పెరుగు వడ్డిస్తూ, "ఒరేయ్, నేనొక అబ్బాయిని పెళ్ళి చేసుకుందామనుకుంటున్నా. మా టీమ్‌లోనే పనిచేస్తాడు. పెరూ వాళ్ళు" అంది. "పేరూరు వాళ్ళా? అమలాపురం దగ్గర పేరూరేనా?" అన్నాను. "పెరూ రా. సౌత్ అమెరికా" అని, గరిటెడు పెరుగు అవసరమైనదానికన్నా గట్టిగా నా కంచంలో వేసింది.

పెదనాన్న ఫోన్‌లో కేకలేమీ వేయలేదు. నన్ను లైన్లోకి పిలిచాడు. "దేశం వేరు, భాష వేరు. సరే, అయిందేదో అయింది. కానీ ఉప్పూకారం లేని తిండి తింటా ఇది ఎన్నాళ్ళు బతుకుద్దిరా? ఆ అబ్బాయి వాళ్ళమ్మ వచ్చిందంటగా. నువ్వెళ్ళి చూసిరా. నీ మాట మీదే నేను ఔనో కాదో చెప్తా." పక్కనే ఉన్న అక్క మొహం చూశాను. నన్ను అన్నేళ్ళుగా ఎరిగినది కాబట్టి, నా మాట మీద పెళ్ళి ఆధారపడిందని తెలిసి పాలిపోయింది.

నేను మాత్రం పొంగిపోయాను. ఆడపెళ్ళివారి తరఫున పెద్దమనిషిని! ఆ వారమంతా ఆఫీసు పని పక్కనపెట్టి, ఒకప్పుడు పెరూని ఏలిన ఇన్కా రాజుల మీద వీడియోలు చూశాను. సున్నం లేకుండా రాతిమీద రాయి ఎలా పేర్చారో గోడ కట్టబోయేవాడిలా చదివాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మేం గుంటూరు వాళ్ళం, మా కోసం కారం తగ్గించొద్దని వాళ్ళకి చెప్పు" అని అక్కచేత కబురు కూడా పంపించాను.

జులై నెల ఎండలో బ్లేజర్ వేసుకుని సాయంత్రం భోజనానికి వెళ్ళాను. అబ్బాయి వాళ్ళమ్మది అరెకీపా అనే ఊరు. అగ్నిపర్వతం కింద, ఆ పర్వతం కక్కిన తెల్లరాయితోనే ఇళ్ళు కట్టుకున్న ఊరట. ఆవిడ స్పానిష్‌లో మాట్లాడితే కొడుకు మాకు ఇంగ్లీషులో చెప్పేవాడు. మేం వెళ్ళగానే ఊదారంగు పానీయం ఇచ్చింది. నేరేడుపండు రసమనుకున్నాను. కాదు, నల్ల మొక్కజొన్న కంకుల్ని దాల్చినచెక్కతో, అనాసపండు తొక్కలతో ఉడికించి తీసినదట. తాగేముందు ఆవిడ నాలుగు చుక్కలు కిటికీ దగ్గరి పూలకుండీలో పోసింది. తాగేది ముందు భూమితల్లికివ్వడం వాళ్ళ కొండప్రాంతాల ఆచారం. "మేమూ భూదేవికి దండం పెట్టాకే పొద్దున్నే నేలమీద కాలు పెడతాం" అన్నాను గంభీరంగా. (నేను లేచేది తొమ్మిదింటికి, లేచీ లేవగానే దండం పెట్టేది అలారానికి.)

ఆవిడ బంగాళాదుంపల కథ చెప్పింది. పెద్ద కొండలమీద రాత్రుళ్ళు మంచులో దుంపలు పరిచి, పగలు కాళ్ళతో తొక్కి నీరు పిండి, ఎండబెట్టి ఏళ్ళ తరబడి దాచుకుంటారట. "అచ్చం వడియాలే" అంది అక్క. వడియాలంటే ఏమిటో చేతులతో, ఫోన్‌లో ఫొటోలతో చెప్పింది. ఇద్దరూ కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. సంబంధం అక్కడికక్కడే కుదిరిపోతోంది, నేను నోరు మూసుకుంటే చాలు. కానీ పెద్దమనిషినై ఉండి ఎలా ఊరుకుంటాను? "దుంపల సంగతేమోగానీ, మిరపకాయ మాత్రం మాది" అన్నాను.

అబ్బాయి తటపటాయించి తర్జుమా చేశాడు. ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. మిరపకాయ పుట్టింది వాళ్ళ ఖండంలోనేనట. పోర్చుగీసువాళ్ళ ఓడలెక్కి మా దేశం వచ్చిందట. "పర్వాలేదు, మా పిల్లని మీరు బాగానే చూసుకున్నారు" అంది.

అప్పుడు వచ్చింది రొకోటో. చూడ్డానికి చిన్న ఎర్ర క్యాప్సికమ్‌లా ముద్దుగా ఉంటుంది. మాకోసం మాంసం లేకుండా చీజూ, వేరుశెనగలూ కూరి కాల్చింది. మామూలుగా కారం చావడానికి నాలుగైదు సార్లు ఉడికించి నీళ్ళు పారబోస్తారట. నా కబురు అందింది కనక నా కాయకి ఆ మర్యాద జరగలేదు. "కొంచెం కొంచెంగా తిను" అన్నాడు అబ్బాయి. సరిగ్గా అప్పుడే పెదనాన్న వీడియో కాల్. గుంటూరులో పొద్దున్న కాఫీ వేళ. అక్క ఫోన్ నావైపు తిప్పగానే, చూస్తున్నాడు కదాని సగం కాయ ఒక్కసారే నోట్లో పెట్టుకున్నాను.

మొదట తియ్యగా ఉంది. తర్వాత చెవుల్లోంచి రైలు వెళ్ళింది. కళ్ళు ధారలు కట్టాయి, వెక్కిళ్ళు మొదలయ్యాయి. కారం వల్లనని ఆవిడ అనుకోలేదు, అనుకునే వీల్లేకుండా గుంటూరు గురించి నేనే చెప్పి ఉన్నానుగా. లేచి వచ్చి నా తల గుండెకి హత్తుకుంది. "అక్క వెళ్ళిపోతుందని ఏడుస్తున్నాడు. ఏడవకు ఇహీతో" అంది. ఇహీతో అంటే చిన్నికొడుకు. ఆవిడ కళ్ళూ చెమర్చాయి.

పెదనాన్న మాత్రం ఫోన్‌ని కళ్ళదగ్గర పెట్టుకుని పరీక్షగా చూశాడు. "వాడేం తిన్నాడమ్మా?"

"మిరపకాయ నాన్నా. వాళ్ళూరిది."

"ఎన్ని?"

"సగం."

కాఫీ గ్లాసు కింద పెట్టేసి నవ్వాడు. అంత నవ్వు ఆయన దగ్గరుందని మాకు తెలియదు. "మనోణ్ణి సగం కాయతో పడగొట్టారంటే ఇంక నీ తిండికి లోటేం ఉండదులే. ఆవిడకి నా నమస్కారం చెప్పమ్మా" అన్నాడు. అక్క వెంటనే ఫోన్ ఆవిడవైపు తిప్పింది.

ఆవిడ పాలూ చీజూ వేసి వండిన దుంపల ముక్క తినిపించాక మంట తగ్గింది. వంటగదిలోంచి అక్కా, ఆవిడా చెరో భాషలో మాట్లాడుకుంటూ నవ్వుకోవడం వినిపిస్తోంది. నా కళ్ళు మాత్రం ఇంకా కారుతూనే ఉన్నాయి. "ఇంకా మండుతోంది" అన్నాను అబ్బాయితో. నావైపు చూసి, నీళ్ళ గ్లాసు బదులు టిష్యూల పెట్టె దగ్గరికి జరిపాడు. బావగారి మంచితనం నాకప్పుడే తెలిసింది.

ఇప్పుడు తలుచుకుంటే ఆ ఇరవై నాలుగేళ్ళ గుంటూరు కుర్రాడి పక్కన కూర్చుని, అక్కేం పోలేదురా, నీకు కూర మారు వడ్డించేవాళ్ళు ఇద్దరయ్యారంతే అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వాడు వినే స్థితిలో లేడు. టేబుల్ మీద మంచినీళ్ళ కోసం తడుముకుంటున్నాడు.