రాజు వేషం కాగితాలు

మా బాపుకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. స్పానిష్ మాట మాత్రం ఒకటి వచ్చు.

బాపు కాగజ్‌నగర్ మిల్లులో పనిచేసే రోజుల్లో మిషన్ బిగించడానికి స్పెయిన్ దేశం నుంచి ఒకాయన వచ్చాడు. కాగితం చేతిలోకి తీసుకుని "పాపెల్" అనేవాడట. మా వాడకట్టులో భాగోతం ఆడినప్పుడు ఆయనా చూడ్డానికి వచ్చాడు. రాజు వేషం కట్టిన బాపును చూపిస్తూ మళ్లీ "పాపెల్, పాపెల్" అన్నాడు. బాపుకు కోపం వచ్చింది. "ఏంది, నేను గంత పల్సగ కనవడుతున్ననా?" అని మిల్లు గుమాస్తాను అడిగాడు. గుమాస్తా ఇంగ్లీషులో కనుక్కుని చెప్పాడు. వాళ్లు కాగితాన్నీ, ఆటలో కట్టే వేషాన్నీ ఒకే మాటతో పిలుస్తారట. బాపు, "సక్కగనే ఉన్నది. మన వేషం సుత కాగితం మీదనే ఉంటది గద" అన్నాడు.

బాపు వేషం నిజంగానే కాగితాల మీద ఉండేది. భాగోతం నేర్పే గురువు ఎవరి పాటలు, మాటలు వాళ్లకు విడిగా రాసిచ్చేవాడు. బాపుకు అవి చదివి వినిపించే పని నాది. నేను చదువుతుంటే ఆయన మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేసేవాడు. ఎక్కడైనా తప్పితే తాళం ఆపి, "రాజు గట్లంటడా?" అని కసిరేవాడు. నాకు చదువంటూ వచ్చింది ఆ కాగితాలతోనే.

నా పన్నెండో ఏట బాపు కామెర్లతో మంచం పట్టాడు. ఆటకు పది రోజులే ఉన్నాయి. గురువు వచ్చి, నీళ్లు నమిలి, చివరికి రాజు వేషం బాపు తమ్ముడికి, మా చిన్నబాపుకు ఇస్తామన్నాడు. బాపు తలూపాడు. కాగితాలకు పొద్దున వస్తానని చెప్పి, గురువు వెంట వచ్చిన చిన్నబాపు వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ కాగితాలు ఇంట్లో ఉన్నన్నాళ్లు బాపు వేషం బాపుదేననీ, ఇచ్చేస్తే ఇక ఆయన లేవడనీ అనుకున్నాను. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ పెరట్లో గంపలకు అలికే గుజ్జు కోసం పాత కాగితాలు, మెంతులు కుండలో నానబెట్టింది. రాజు వేషాన్ని ముక్కలు ముక్కలు చేసి అందులో కలిపేశాను.

పొద్దున చిన్నబాపు వచ్చి అడిగితే "కనవడ్తలేవు" అన్నాను. బాపు సిరా అంటిన నా వేళ్లు చూశాడు. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"దా బిడ్డా, గీడ కూసో. నేను చెప్త, నువ్వు రాయి."

నాలుగు రోజులు చెప్పాడు. ఒక్కో చరణానికి ఆగి ఆయాసపడేవాడు. నేను ఏడుస్తూ "వద్దు బాపూ, జర పండుకో" అంటే వినలేదు. "గిది నాతోని పోతె ఆటెట్లయితది? వేషం నాదా? వాడకట్టుది" అన్నాడు. ఆ నాలుగు రోజులూ నోరు మూసుకుని పడుకోవలసిన మనిషి. ఆయనకు మిగిలిన ఊపిరి నేనే ఖర్చుపెట్టించాను. డాక్టరు కాదన్నా, అవ్వ కాదన్నా, నేను ఇప్పటికీ అలాగే అనుకుంటాను. ఆ గుజ్జుతో అలికిన గంప నా దగ్గరే ఉంది. అందులో ఇంతవరకు గింజ పోయలేదు.

ఐదో రోజు బాపుకు మాట పడిపోయింది. చివరి పాట ఒక్కటే మిగిలింది. అది నాకు వచ్చు. మంచం పక్కన కూర్చుని చిన్నబాపుకు పాడి వినిపించాను. బాపు కళ్లు మూసుకుని మంచం పట్టె మీద మెల్లగా తాళం వేస్తున్నాడు. మూడో చరణంలో ఒక మాట తప్పాను. తాళం ఆగింది.

తప్పు పట్టుకున్నాడనుకుని ఎంత సంతోషించానో. వెంటనే ఆ మాట సరిచేసి చరణం మళ్లీ మొదటినుంచి పాడాను. పాడుతూ ఆ వేళ్లనే చూస్తున్నాను. అవి కదలలేదు. చిన్నబాపు నా నోటికి చెయ్యి అడ్డం పెట్టేదాకా పాడుతూనే ఉన్నాను.