దిద్దకముందు గడి

గేజ్ అద్దం తుడిచే స్పిరిట్ వాసన తగిలితే నా చెయ్యి ఇప్పటికీ ఒక్క క్షణం ఆగుతుంది. ఇవాళ పొద్దున కూడా ఆగింది. పటాన్‌చెరు పారిశ్రామికవాడలో ఒక మందుల కంపెనీ మాది. పైపుల మీద, బాయిలర్ల మీద గడియారాల్లా బిగించి ఉండి, లోపలి ఒత్తిడి ఎంతో ముల్లుతో చూపించేవే గేజ్‌లు. వాటిని ఊడదీసి తెచ్చి, నిజం చెబుతున్నాయో లేదో చూసి, తప్పు చూపిస్తే దిద్ది పంపడం నా పని. పదహారేళ్లుగా ఇదే. ఇవాళ ముల్లు నాలుగు దగ్గర నిలబడాల్సింది నాలుగున్నర దగ్గర నిలబడింది. ఆలోచించకుండానే స్క్రూడ్రైవర్ చేతిలోకి వచ్చేసింది. అంతలో ఆ వాసన. ‘‘ముందుగాల రాసినవా?’’ అని నర్సింలు సార్ వెనక నుంచి అడిగినట్టే అయింది. ఆయన పోయి మూడేళ్లు. అయినా గిర్రున వెనక్కి తిరిగి చూశాను. పక్క టేబుల్ వాళ్లు ఏమనుకున్నారో ఏమో.

నర్సింలు సార్ మా ల్యాబ్ ఇన్‌చార్జి. పక్కనే ఉన్న లక్డారం ఊరి రైతుబిడ్డ. ఐటీఐ చదివి ఫ్యాక్టరీకి వచ్చి, అక్కడే జుట్టు నెరిసిన మనిషి. నేను సంగారెడ్డిలో డిప్లొమా ముగించి, నాకు రానిదంటూ లేదన్న పొగరుతో చేరాను. మొదటి రోజే స్పిరిట్ గుడ్డతో పాటు ఒక గేజ్ ఇచ్చారు. అరగంటలో దిద్దేసి, కార్డు రాసి, ఆయన ముందు పెట్టి నిలబడ్డాను. మా కార్డు మీద ప్రతి గేజ్‌కూ రెండు గడులుంటాయి. దిద్దకముందు ఎంత చూపించింది, దిద్దినాక ఎంత చూపిస్తోంది. నేను రెండోది గుండ్రటి అక్షరాలతో నింపి మొదటిది వదిలేశాను.

‘‘ఇది మన తానికి వచ్చినప్పుడు ఎంత సూపెట్టింది?’’ అన్నారు.

‘‘యాదికి లేదు సార్. గని ఇప్పుడు కరెక్ట్ సూపెడుతున్నది.’’

‘‘ఇప్పటి సంగతి ఎవలడిగిన్రు బిడ్డా? ఇన్నొద్దులు ఇది ఏం సూపెట్టుకుంట బతికిందో, దీన్ని నమ్మి మనోళ్లు ఏం మందు ఉడకబెట్టిన్రో, ఇగ ఎవ్వలకు దొరకదు. నువ్వు బాగు జెయ్యలే. తుడిచేసినవ్.’’

నలుగురిలో అన్నారు. ఒళ్లు మండిపోయింది. బీరంగూడలో ఇల్లు చేరేదాకా బస్సులో ఆయన్ని తిట్టుకుంటూనే వెళ్లాను. ముల్లు సరిగ్గా నిలబడ్డాక పాత తప్పుతో ఏం పని? ముసలాయన చాదస్తం కాకపోతే!

ఆ చాదస్తానికి ఆయన దగ్గర ఒక కథ ఉండేది. మల్లేశ్ అనే రోబో కథ. ఎక్కడా చదివింది కాదు, సొంతంగా అల్లింది. పదిన్నర చాయ్ వేళ రోజుకింత చెప్పేవారు. మల్లేశ్‌కు మనిషి లెక్క మనసుంది. పనిచేస్తూ ఈల వేస్తాడు. చెయ్యి అరిగితే కొత్త చెయ్యి వేస్తారు. తల పాతబడితే అందులో ఉన్నదంతా కొత్త తలలోకి ఎక్కిస్తారు. లేచేది నేనేనా, ఇంకెవడో లేస్తాడా అని మల్లేశ్‌కు ఒకటే గుబులు. అందుకని రిపేరుకు పోయే ముందు అయిదు ప్రశ్నలు కాగితం మీద రాసి పక్క మిషన్ మీది రోబోకు ఇచ్చేవాడు, లేచినాక నన్ను అడుగు అని. మొదటిసారి నాలుగు చెప్పి అయిదోదానికి తెల్లముఖం వేశాడు. పక్కవాడికి పాపమనిపించి జవాబు అందించాడు. మల్లేశ్ నేర్చుకున్నాడు. మరుసటిసారి రెండు మరిచాడు. పక్కవాడు అవీ అందించాడు.

‘‘పదిసార్లయినంక మల్లేశ్ అయిదుకు అయిదు టకటక చెప్తుండె. కంపెనీల సప్పట్లే సప్పట్లు. గని ఈల బందైంది. ఈల సంగతి కాయితం మీద లేకుండె గద, ఎవ్వలడగలే.’’

‘‘మరి లేసింది మల్లేశేనా సార్, కాదా?’’

‘‘గదే నాకు సమజైత లేదు బిడ్డా. ఆ పక్కోడు జెర నోరు మూసుకొని ఉంటె తెలుస్తుండె.’’

అందరూ నవ్వి లేచిపోయేవారు. నాకు మాత్రం ఆ రోజంతా పని మీద మనసు నిలిచేది కాదు. పక్కవాడు జాలిపడ్డాడు, అందులో తప్పేముంది అని వాదించేదాన్ని. ఆయన నవ్వుతూ ఖాళీ గ్లాసు కడుక్కునేవారు.

తలనొప్పి, తలనొప్పి అంటూ ఏడాది గడిపారు. ఒకరోజు గేజ్ చూసి, ‘‘గిదేంది, దీనికి రెండు ముండ్లున్నయి?’’ అన్నారు. ఉన్నది ఒకటే. స్కాన్ తీస్తే తలలో గడ్డ. హైదరాబాద్‌లో ఆపరేషన్ అన్నారు. ఆయనకు భార్య పోయింది, పిల్లల్లేరు. మా వీధికి రెండు వీధుల అవతలే ఉండేవారు కాబట్టి నేనే తోడు తిరిగాను. ఆసుపత్రిలో చేరే ముందురోజు ల్యాబ్‌లో ఒక ఖాళీ కార్డు తీసి, వరసగా అయిదు ప్రశ్నలు రాసి నా చేతిలో పెట్టారు.

‘‘రేపు మల్లేశ్‌ను నేనే. పక్కోడివి నువ్వు. లేసినంక అడుగు. నేనేమంటె గదే రాయి. అందియ్యకు.’’

మొదటి నాలుగూ చిన్నవి. మా ఎద్దు రంగేంది, నేను మొదలు ఇప్పిన గేజ్ ఏది, అటువంటివి. అయిదోది చూసి ఉలిక్కిపడ్డాను. ‘నాకు ఇంక ఎవరి మీద కోపమున్నది?’ మిగతావాటితో పాటు దీని జవాబూ ఆయనే చెప్పారు. సొంత అన్న కిష్టయ్య మీద. ఇరవై రెండేళ్ల కింద బావికాడి పొలాన్ని తమ్ముడితో ఒక్క మాట అనకుండా ఒక కంపెనీకి అమ్మి రాసిచ్చాడు. అప్పటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ‘‘అమ్మినందుకు గాదు. నన్నడగనందుకు,’’ అన్నారు. ఇదెందుకు సార్, దీన్ని తీసేద్దామన్నాను. ‘‘ఇది గూడ నేనే గద. పోతె పోయినట్టు తెల్వాలె,’’ అన్నారు.

నాకు నాలుగో రోజుకు గానీ సెలవు దొరకలేదు. వార్డులోకి వెళ్లేసరికి మంచం పక్కన తలపాగాతో ఒక పెద్దాయన కూర్చుని, ఫ్లాస్కు మూతలో జొన్న అంబలి పోసి సార్‌కు తాగిస్తున్నాడు. సార్ తలకట్టుతో ఆయన మోచెయ్యి పట్టుకుని, ఏదో అని నవ్వుతున్నారు. ‘‘మా అన్న కిష్టయ్య,’’ అని నాకు పరిచయం చేశారు. కబురు తెలిసి మొదటి రోజే లక్డారం నుంచి వచ్చేశాడట. పెద్దాయన ఫ్లాస్కు కడగడానికి వెళ్లగానే కార్డు తీశాను. నాలుగింటికీ సరైన జవాబులే. రాసుకున్నాను. అయిదోది అడిగాను.

‘‘కోపమా? నాకెవరి మీద ఉంటది బిడ్డా? ఎవ్వల మీద లేదు.’’

భయమేసింది. మా సార్ పోయారు, ఈ నవ్వే మనిషి ఇంకెవరో అనిపించింది. నా నోరు నా మాట వినలేదు. ‘‘మీ అన్న మీద సార్! బావికాడి పొలం! మిమ్మల్ని అడగకుండ రాసిచ్చిండు, యాదికి లేదా?’’ సార్ నా వైపు తిరిగారు. నొసలు ముడిపడింది. దవడ బిగిసింది. నాకు తెలిసిన ముఖం మెల్లమెల్లగా తిరిగి వచ్చింది. నిజం చెప్పొద్దూ, ఆ క్షణం నాకు సంతోషమే అయింది. పెద్దాయన తిరిగి వచ్చి మళ్లీ మూతలో అంబలి పోస్తే, సార్ గోడవైపు తిరిగిపోయారు.

‘‘ఏమైంది బిడ్డా? ఇప్పటిదాంక మంచిగనే ఉండె గద?’’ అని కిష్టయ్య నన్ను అడిగాడు.

‘‘నొప్పి కావచ్చు,’’ అన్నాను. ఆయన ఫ్లాస్కు స్టూలు మీదే వదిలి ఊరికి వెళ్లిపోయాడు. నేను అయిదో వరసలో, దిద్దినాక గడిలో ‘అన్న మీద’ అని రాశాను. దిద్దకముందు గడి ఖాళీ.

రెండు నెలల తర్వాత ఇంటి దగ్గర సార్ ఆ కార్డు అడిగారు. అద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదివి, వేలు అయిదో వరసలో ఖాళీ గడి మీద ఆపారు. ‘‘మల్ల గదే పని జేసినవా?’’

అబద్ధం చెప్పలేకపోయాను. ‘‘ఎవ్వల మీద లేదన్నరు సార్. నేనే అందిచ్చిన.’’

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది. అద్దాలు తీసి తుడుచుకుని, ‘‘అయితె నాలుగొద్దులు నాకు అన్నున్నడన్నట్టు,’’ అన్నారు. తర్వాత పెన్ను నా చేతికిచ్చారు. ‘‘రాయి. దిద్దకముందు గడిల రాయి. రాసి అన్నకు ఫోన్ కలుపు.’’

ఆ వారం నుంచి కిష్టయ్య ప్రతి ఆదివారం వచ్చేవాడు. నేను ఆయన్ని పెద్దబాపూ అని పిలవడం అలవాటైంది. అన్నదమ్ములు ఎదురెదురుగా కూర్చుని వానల గురించి నాలుగు ముక్కలు మాట్లాడుకునేవారు. ఆయన వెళ్లగానే సార్ ‘‘అడుగు’’ అనేవారు. అయిదో ప్రశ్న అడిగేదాన్ని. ‘‘ఉన్నది. రాయి.’’ మరో వారం, ‘‘జెర తగ్గింది. రాయి.’’ ఒకసారి ఉండబట్టలేక, పోయిందనుకోండి సార్, మీకే హాయి అన్నాను. ‘‘అనుకుంటె రీడింగ్ అయితదా?’’ అని కసిరారు. అంబలి తాగి నవ్విన మనిషి సారేనా, గోడవైపు తిరిగిన మనిషి సారేనా? నవ్విన మనిషిని నేనే చెరిపేశానా? ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ కూర్చున్న చోట కుదురుండదు. గడ్డ మళ్లీ పెరిగింది. సార్ మరుసటి వానాకాలం దాటలేదు. చివరి ఆదివారం గొంతు సరిగా రాకపోయినా వేలు ఎత్తి, గుసగుసగా చెప్పారు. ‘‘కొంచెమున్నది. రాయి.’’

సార్ పోయిన పదో రోజు లక్డారంలో, జనం తిండి దగ్గర ఉండగా, పెద్దబాపు నన్ను అరుగు చివరకు పిలిచాడు. ‘‘ఆకరికి నా మీద ఏమన్నడు బిడ్డా?’’ ఏమీ లేదన్నరు అనే మాట నాలుక చివర సిద్ధంగా ఉంది. ఎవరు సరిచూస్తారు కనక? అయినా ‘‘కొంచెమున్నదన్నరు, పెద్దబాపూ,’’ అన్నాను. ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. నేను చచ్చిపోయాననుకున్నాను. ఆయన నవ్వాడు.

‘‘ఉంటది, ఉంటది. మా నర్సిగాడే గద. మొత్తం లేదంటె, పోయినోడు ఇంకెవడో అనుకుంటుంటి.’’

ఇవాళ స్క్రూడ్రైవర్ కింద పెట్టి, నాలుగున్నర అని రాసి, ఆ తర్వాతే గేజ్ విప్పాను. సార్ కార్డు నా సొరుగులోనే ఉంది. అందులో గడులన్నీ నిండాయి. కానీ వార్డులో ఏమైందని పెద్దబాపు అడిగితే నొప్పి అన్నాను చూడండి, ఆ అబద్ధం ఇంకా దిద్దకుండా అట్లాగే ఉంది. సార్ ఆయనకు చెప్పలేదు. నేను రాయాల్సింది నన్నే రాయనిచ్చారేమో. పెద్దబాపుకు ఎనభై దాటాయి. ఈ ఆదివారం లక్డారం వెళ్లాలి.