రన్‌వే పక్క గుమ్మడికాయ

ఇంట్లో కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట కోసం నేను తయారు చేస్తున్న శంషాబాద్ నమూనా ఈ రోజు పూర్తయింది. రన్‌వే, గోదాములు, పక్కనే మా ఊరు పాల్మాకులలో నీళ్ల ట్యాంకుతో సహా మా ఇల్లు, అన్నీ అచ్చంగా కుదిరాయి. ఆన్‌లైన్‌లో పెట్టబోతుంటే అమ్మ ఆపింది.

"మనిల్లు ఎవరెవరు చూస్తరే?"

"ఈ ఆట ఆడేటోళ్లంతా చూస్తరమ్మా."

"గంతమందా! మరి గుమ్మడికాయ ఏది? దిష్టి తగలదా? ముందుగాల అది కట్టు."

"పైనుంచి అది కనపడదే."

"నీకు కనపడకుంటే ఏంది, దిష్టికి కనపడ్తది."

ఇక తప్పదని కూర్చుని కంప్యూటర్‌లోనే బూడిద గుమ్మడికాయ చేసి, పసుపు కుంకుమ అద్ది, గుమ్మానికి వేలాడదీశాకే ఊరిని ఆన్‌లైన్‌లో పెట్టాను. ఆటలో మీ విమానం దిగేటప్పుడు ఎంతసేపైనా చూడండి, ఎంతైనా మెచ్చుకోండి, మా ఇంటికేం కాదు. మీ ఇల్లూ ఆ చుట్టుపక్కలే ఉంటే చెప్పండి, ఇంకో కాయ కడతాను.