కుదుపు తెలియని ప్రయాణం

రోడ్ల ప్రాజెక్టు ఆఫీసులో ఆయన్ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు లేరు. జీతాల గుమాస్తా దగ్గర్నుంచి పెద్ద ఇంజినీరు దాకా అందరికీ ఆయన వెన్నపూస. పేరు విని మనిషి తెల్లగా, బొద్దుగా ఉంటాడనుకునేరు. ఎండకు కమిలిపోయిన బక్కపలచటి మనిషి. ఆ పేరు ఆయన బండి నడిపే తీరుకు వచ్చింది. ఆయన జీపెక్కితే కడుపులో చల్ల కదలదు. గేరు ఎప్పుడు మారిందో, బ్రేకు ఎప్పుడు పడిందో వెనక కూర్చున్నవాళ్ళకు తెలిసేది కాదు.

అందుకే విదేశీ అతిథులు వచ్చినప్పుడల్లా తాళాలు ఆయన చేతికే వచ్చేవి. అక్కడ రోడ్లు వేయించడానికి రెండు పరాయి ప్రభుత్వాలు, ఒక పెద్ద బ్యాంకు కలిసి ఒప్పందం చేసుకున్నాయి. ఒకరు అప్పిస్తారు, ఒకరు ఊరికే ఇస్తారు, ఇంకొకరు యంత్రాలనూ నిపుణులనూ పంపుతారు. ఎవరి పద్ధతి వాళ్ళది, ఎవరి అలక వాళ్ళది. ముగ్గురి తరఫునా మనుషులు ఏటా వచ్చి చూసి వెళ్ళేవారు. వాళ్ళు దిగే రోజు పొద్దున పెద్ద ఇంజినీరు చెప్పేది ఒకటే మాట.

"వెన్నపూసా, వాళ్ళు మనకి అన్నం పెట్టేవాళ్ళయ్యా. ఒళ్ళు హూనం చేసి పంపకు."

ఆ మాటను ఆయన నెత్తిన పెట్టుకున్నాడు. చదువు అబ్బలేదు, ఆస్తి లేదు, పిల్లలు కలగలేదు. నలుగురిలో చెప్పుకోవడానికి ఆయనకున్నది ఆ చేతి నేర్పు ఒక్కటే.

ఇక ఇంటి సంగతి. హైవే నుంచి చీలిన అడ్డరోడ్డు చివర ఆయన ఇల్లు. దాన్ని రోడ్డనడానికి నోరు రాదు. ఎప్పుడో పోసిన తారు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయింది, మిగిలినవి గుంటలు. ఆయన భార్యకు రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి రెండుసార్లు ఆ గుంటల మీదే బస్సెక్కి, పట్నం ఆస్పత్రిలో రక్తం శుద్ధి చేయించుకుని రావాలి. వెళ్ళేటప్పుడు ఎలాగో పంటిబిగువున కూర్చునేది. వచ్చేటప్పుడే నరకం. సూదులు గుచ్చిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, కుదుపు కుదుపుకీ వాంతి చేసుకుంటూ ఇల్లు చేరేది. బస్సు దిగేసరికి మనిషి మనిషిలా ఉండేది కాదు.

ఒకసారి డ్యూటీ దిగి ఇంటికొస్తే, పక్కింట్లో ఉండే మరదలు వాకిట్లోనే ఎదురొచ్చింది.

"బావా, అక్క ఇంక బస్సెక్కనంటోంది. ఎంత చెప్పినా చెవిన పెట్టట్లేదు. మీరన్నా చెప్పండి."

లోపల భార్య గోడకు ఆనుకుని కూర్చుంది. కోపమూ లేదు, ఏడుపూ లేదు. ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఆ బస్సులో చచ్చేకన్నా ఇంట్లో చావడం నయం కదండీ."

ఆయన పక్కనే కూర్చున్నాడు. "అలా అనకే. ఈసారి వచ్చేవాళ్ళు మన రోడ్డు కూడా చూస్తారట. పెద్ద సారే చెప్పారు. ఇది చూశాక కూడా వెయ్యకుండా ఉంటారా?"

"నిజంగానా?"

"నీ మీద ఒట్టు."

"సరే, రోడ్డు పడేదాకా వెళ్తాను," అంది. ఆ రోడ్డు పడటం మీదే ఆమె ప్రాణం నిలిచి ఉందని ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేకపోయింది.

అతిథులు వచ్చారు. పెద్ద రోడ్ల కుదుపు కొలవడానికి వాళ్ళ దగ్గర యంత్రాలున్నాయి. చిన్న రోడ్లకు అంత హంగామా ఎందుకని వేరే పద్ధతి పెట్టుకున్నారు. బండిలో కూర్చుని ఆ చివరిదాకా వెళ్ళడం, ఒంటికి ఎంత కుదుపు తెలిసిందో దాన్ని బట్టి రోడ్డుకు మార్కులెయ్యడం. తక్కువ మార్కులొచ్చిన రోడ్డును ముందు వేస్తారు. వాళ్ళకు కళ్ళు లేవా అంటారా? ఉన్నాయి, గుంటలు చూశారు కూడా. కానీ వాళ్ళ కాగితంలో కళ్ళకు గడి లేదు మరి, ఒంటికే ఉంది.

ఈ సంగతి పెద్ద ఇంజినీరు జీపెక్కబోతూ ఆయన చెవిన వేశాడు. "మీ ఊరి రోడ్డేగా. నీ అదృష్టం ఎలా ఉందో చూద్దాం."

వెన్నపూసకు అర్థమైంది. ఇవాళ ఒక్క గుంటనూ వదలకూడదనుకున్నాడు. అడ్డరోడ్డులోకి తిప్పగానే మొదటి గుంటలోకి చక్రం దింపాడు. జీపు ఎగిరిపడింది. వెనక సీట్లో ఉన్న పెద్దావిడ వాళ్ళ భాషలో ఏదో అరిచింది. నడుముకు పట్టీ కట్టుకుని ఉందని అప్పటిదాకా ఆయన గమనించలేదు.

"ఏమయ్యా, కళ్ళు కనపడట్లేదా!" ఇంజినీరు విరుచుకుపడ్డాడు.

ఆయన అద్దంలోకి చూశాడు. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుని, పెదవి కొరుక్కుంటోంది. బస్సు దిగేటప్పుడు అచ్చం తన భార్య ముఖం అలాగే ఉంటుంది.

అంతే, ఆ తరువాత చేతులు ఆయన మాట వినలేదు. వచ్చే గుంటలో వేద్దామనుకుంటాడు, స్టీరింగ్ పక్కకు తిరిగిపోతుంది. ఈసారి తప్పదనుకుంటాడు, కాలు బ్రేకును మెల్లగా నొక్కుతుంది. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఒక్క పూటలో పోతుందా! రోడ్డు చివర దిగాక ఆ పెద్దావిడ ఆయన చేతిని రెండు చేతులా పట్టుకుని ఊపింది. ఇంత హాయిగా నడిపే డ్రైవరును ఎక్కడా చూడలేదంటోందని ఇంజినీరు చెప్పాడు.

చెప్పుకుంటే సిగ్గుచేటు గానీ, ఆ క్షణాన మహానుభావుడికి రోడ్డూ గుర్తు రాలేదు, పెళ్ళామూ గుర్తు రాలేదు. ముఖం చాటంత అయింది.

కొన్ని నెలలకు ఇంజినీరు పిలిచి చెప్పాడు. "మీ అడ్డరోడ్డు తరువాతి విడతకి పోయిందయ్యా. ప్రయాణం సుఖంగా ఉందని మంచి మార్కులు వేశారు. అంతా నీ చలవే."

"తరువాతి విడతంటే ఎప్పుడు సార్?"

"ఆ ముగ్గురూ మళ్ళీ కూర్చుని ఒప్పందం రాసుకోవాలి. ఎప్పుడని చెప్పను?"

"అలాగే సార్," అని వెళ్ళి జీపు కడిగాడు. ఏడుపు రాలేదు, ఎవరి మీదా కోపం రాలేదు. తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. ఇంటికెళితే మరదలు అన్నం పెట్టింది, తిన్నాడు. రోడ్డు ఎప్పుడు మొదలుపెడతారట అని భార్య అడిగింది. పెడతారు అన్నాడు. రోజూ అడిగేది, రోజూ అదే చెప్పేవాడు. కొన్నాళ్ళకు ఆమె అడగడం మానేసింది. ఆ వెనకే ఆస్పత్రికి వెళ్ళడమూ మానేసింది.

కాళ్ళు వాచాయి. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు. సంగతి తెలిసి ఇంజినీరు, ఎంతైనా మనిషే కదా, ఒక్క పూటకు జీపు ఇచ్చాడు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకెళ్ళాడు. వెళ్ళేటప్పుడు ఆయాసంతో ఆమెకు ఒంటి మీద స్పృహే లేదు. ఆస్పత్రిలో ఒంట్లో నీరు తీసి, రక్తం శుద్ధి చేశాక తేరుకుంది. తిరుగు ప్రయాణంలో కొంగు ముఖం మీద కప్పుకుని పడుకుంది. ఏ దేశపు అతిథికీ నడపనంత మెత్తగా నడిపాడు. ఇంటి ముందు ఆపేసరికి మంచి నిద్రలో ఉంది.

"అప్పుడే వచ్చేశామా?" లేచి కూర్చుంటూ అంది. "ఏమండీ, ఒక్క కుదుపూ తెలియలేదు. రోడ్డు వేసేశారా?"

లేదని చెప్పబోయాడు. చెబితే ఇంకెప్పుడూ బస్సెక్కదు. చివరికి, "ఊఁ," అన్నాడు.

"చూశారా, నాకు చెప్పనే లేదు! ఎంత గుట్టు మనిషండీ మీరు!" ఆమె నవ్వింది. ఆమె నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. జీపు చప్పుడు విని వచ్చిన చెల్లెలితో, "రోడ్డు పడిందట కదే! ఇంక ఎవరినీ జీపుల కోసం దేబిరించక్కర్లేదు. బస్సులోనే వెళ్ళొస్తాను," అంది.

రోజూ ఆ రోడ్డు మీద నడిచే మరదలు బావ వైపు చూసింది. ఆయన చేతిలోని జీపు తాళం వైపు చూసుకున్నాడు. "మంచిదక్కా," అని ఆమె మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ ఆస్పత్రి రోజు వచ్చింది. ఆమె తానే లేచి తల దువ్వుకుంది. వాంతి వస్తే పట్టుకోవడానికి ఎప్పుడూ తీసుకెళ్ళే సంచి వద్దని ఇంట్లో వదిలేసింది. ఆయన ఆమెను బస్సు చివర కిటికీ పక్కన కూర్చోబెట్టి, తోడు వెళ్తున్న మరదలికి డబ్బులిచ్చి దిగాడు. డ్యూటీకి ఆలస్యమవుతోంది. ఆ ఆలోచన తప్ప మనసులో ఇంకేమీ లేదు.

బస్సు కదిలింది. మొదటి గుంట ఎక్కడో ఆయనకు తెలుసు. బస్సు అందులో పడి లేచింది. ఆమె కిటికీలోంచి తల తిప్పి ఆయన వైపు చూసింది. రెండో గుంటలో పడింది. ఆమె ఇంకా ఆయన వైపే చూస్తోంది.