వెనక బొత్తాల గౌను

2002లో నేను పలాసలో ఉద్యోగానికి దిగినప్పుడు ఊరి మీద నాకు కలిగిన మొదటి అసంతృప్తి ఉప్మాకు సంబంధించినది. రైలు దిగుతూనే జీడిపిక్కలు కాల్చిన వాసన ముక్కుకు తగిలే ఊళ్ళో, స్టేషను ఎదుటి హోటల్లో ప్లేటంతా గాలించినా ఉప్మాలో ఒక్క జీడిపప్పు బద్ద కనిపించలేదు. సర్వరును అడిగితే, "ఇక్కడి పప్పు బయటూళ్ళకెల్లడానికండి, మనం తినడానిక్కాదు" అన్నాడు. కొత్తవాడిని కదా, పప్పు లేకుండానే తిని లేచాను.

బళ్ళ సంగతీ ఇంతేనని నాలుగు రోజుల్లో అర్థమైంది. ఆ చుట్టుపక్కల చాలా బళ్ళకు బోర్డు మీద మాంటిస్సోరి అనే మాట ఉండేది. లోపల బెంచీలు, బెత్తం, ఎక్కాలు, పిల్లల మెడకు టై. ఉప్మాలో జీడిపప్పు ఎంతో, ఆ బళ్ళల్లో మాంటిస్సోరి అంతే.

నన్ను పిలిపించిన కరస్పాండెంటు గారు బోర్డు మీదున్నది లోపల కూడా ఉంటే తప్పేమిటని అనుకున్న మనిషి. నేను బీయస్సీ చదివి, బీయీడీ సీటు రాక, విశాఖపట్నంలో మాంటిస్సోరి డిప్లొమా చేశాను. ఆ బ్యాచిలో మగవాణ్ణి నేనొక్కణ్ణే. చంటిపిల్లల మధ్య చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చునే మాస్టారిని చూసి పలాస ముందు కంగారుపడింది, తర్వాత నవ్వింది, ఆ తర్వాత అలవాటుపడింది. నేనూ అదే వరుసలో అలవాటుపడ్డాను.

మా పద్ధతిలో అక్షరాల కంటే ముందు ప్రాక్టికల్ లైఫ్ అని ఒకటుంటుంది. అంటే రోజువారీ పనులు. ఒక చెంబులోంచి ఇంకో చెంబులోకి నీళ్ళు ఒలకకుండా ఒంపడం, గుడ్డ మడతపెట్టడం, ఊడవడం. మొదటి నెలలోనే ఒక జీడిపప్పు వ్యాపారి వచ్చి, "మాస్టారూ, ఫీజు కట్టి మరీ మా వోడిసేత సీపురట్టించాలా? అదైతే ఇంటికాడ ఉత్తినే నేర్పుతాం గదేటి" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఇలాంటి వాటికోసం నా దగ్గర ఒక ఉపన్యాసం సిద్ధంగా ఉండేది. దాని ఆఖరి పేరా నాకు మరీ ఇష్టం: "పిల్లకు చేతనైన పనిని పెద్దవాళ్ళు చేసిపెట్టడం ప్రేమ కాదు, అడ్డు." ఈ వాక్యం చెప్పాక ఒక క్షణం ఆగేవాణ్ణి. చప్పట్లు మాత్రం ఎప్పుడూ రాలేదు. "అయితే ఏబీసీడీలు ఎప్పుడు సెప్తారు?" అనే మాట వచ్చేది.

ఆ మాట అడగని తల్లి ఒక్కరే తగిలారు. ఆవిడ పేరు దమయంతి. మందస దాటాక తోటల మధ్య ఉన్న ఊరు వాళ్ళది. కొబ్బరి, జీడిమామిడి. మరుసటేడు జూన్‌లో నాలుగేళ్ళు నిండిన కూతురు హేమను వెంటబెట్టుకుని వచ్చారు.

"ఏబీసీడీలు తరవాత సూద్దురు గాని. ముందు దీనికి బొత్తాలు నేర్పండి" అన్నారు.

"ఏమిటీ?"

"బొత్తాలండి. గౌనుకుంటాయి గదా. ఆటిని పెట్టుకోడం."

నా ఉపన్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది. ఆవిడే చెప్పారు. "మా ఆయనకి కిడ్నీలు పోనాయండి. డయాలసిస్‌కి ఇశాపట్నం తీసుకెల్లాల. తెల్లారగట్లే బండెక్కెయ్యాల. అప్పటికి ఈ గుంట లెగదు. మా తోటికోడలొచ్చి బట్టలేత్తాది. ఏత్తాది, కాదనను. ఏసి, ఆ మాట ఈదంతా సెప్తాది." కొంగు సర్దుకున్నారు. "నా గుంట ఒకల సేతులకేసి సూడకూడదు. అంతే."

ఉద్దానం అనే ఆ తోటల సీమలో ఊరూరా ఉన్న ఆ జబ్బు పేరు గొంతు తగ్గించి చెప్పే రోజులు అప్పటికే పోయాయి. నిన్న వాన పడిందన్నట్టు చెప్పారు.

హేమను వెనక్కి తిప్పి చూశాను. బొత్తాలన్నీ వీపు మీద ఉన్నాయి. చంటిపిల్లల గౌన్లన్నీ అంతే. వేసుకునే పిల్ల వెనక ఎప్పుడూ ఎవరో ఒకరు నిలబడి ఉంటారని ఆ గౌను కుట్టినవాడి ధీమా. అదే మాట కాస్త తేలికపరిచి చెప్పాను. దమయంతి గారు వారం తిరక్కుండా మందసలో దర్జీ చేత కూతురి గౌన్లన్నిటికీ బొత్తాలు ముందుకు మార్పించారు. "ఇది గౌనా, సొక్కానా అప్పా?" అని దర్జీ అడిగాడట. "నువ్వు కుట్టు బావూ. ఏదైతే నీకేటి?" అన్నారట ఈవిడ.

యూనిఫాం గౌను కూడా మార్చేసరికి కరస్పాండెంటు గారు నన్ను పిలిచి, "యూనిఫాం అంటే అందరిదీ ఒకేలా ఉండాలి కదా మాస్టారూ" అన్నారు. "నిజమే సార్, అందరివీ ముందుకు మార్చేద్దాం" అన్నాను. మళ్ళీ ఆ ప్రస్తావన రాలేదు.

బొత్తాలు నేర్పడానికి మా దగ్గర డ్రెస్సింగ్ ఫ్రేమ్ అనే సామాను ఉంటుంది. పలకంత చెక్క చట్రానికి రెండు గుడ్డ ముక్కలు తలుపు రెక్కల్లా బిగించి ఉంటాయి. ఒకదానికి బొత్తాలు, ఇంకోదానికి కాజాలు. ఎలా పెట్టాలో మేం ఒకసారి నెమ్మదిగా, మాట్లాడకుండా చేసి చూపిస్తాం. తర్వాత పిల్ల ఇష్టం. మొదట్లో హేమ బొత్తాన్ని బొటనవేలితో నొక్కి, కాజాలోంచి బలవంతంగా అవతలికి తొయ్యాలని చూసేది. అంచు ముందు దూర్చాలనే రహస్యం తెలియడానికి చాలా రోజులు పట్టింది. తెలిసిన రోజున ఫ్రేమ్‌ను చంకలో పెట్టుకుని గదంతా తిరిగింది. ఆ తర్వాత మా బళ్ళో విప్పేసిన బొత్తాంతో ఎవరైనా కనిపిస్తే హేమ ఊరుకునేది కాదు. నేను కూడా జాగ్రత్తగా ఉండేవాణ్ణి.

కాబట్టి దసరా సెలవుల తర్వాత దమయంతి గారు వచ్చినప్పుడు నేను మెప్పుకు సిద్ధపడి కూర్చున్నాను.

"మాస్టారూ, మీ బడికో దండం. ఈ నెలాకరికి గుంటని మానిపించీత్తాను."

"ఏమైందమ్మా?"

"ఏటవుద్ది? ఒక్క బొత్తాం. ఒక్కటంటే ఒక్కటి పెట్టుకోదు ఇంటికాడ. సేతులు రెండూ దించీసి దిట్టిబొమ్మలాగ నిలబడతాది. నన్ను పెట్టనీదు, తోటికోడల్ని పెట్టనీదు. ఆల నాన్నే పెట్టాల. ఆ మనిసి ఇదివరకు గుంట ఏం కట్టుకుందో సూసినోడు కాదు, తెల్లారితే తోటకెల్లిపోయీవోడు. ఇప్పుడు ఇశాపట్నం ఎల్లే రోజున కూడా, దీన్ని నిద్దట్లోంచి లేపి, గౌనేసి, బొత్తాలు పెట్టి మరీ బయల్దేరతన్నాడు. మొన్న రైలు కదిలిపోతంటే ఎక్కినాం. ఆ బండి తప్పిపోతే ఏటవుద్దో మీకు తెల్దేటి?"

తెలుసు. ఒక దఫా డయాలసిస్ తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. ఉద్దానంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

బళ్ళో చక్కగా పెట్టుకుంటుందని నేను చెబితే ఆవిడ నమ్మలేదు. నేనైనా నమ్మను. ఒకచోట నేర్చిన పని ఇంకోచోట చేయడానికి పిల్లలకు కొంత వ్యవధి కావాలని చెప్పి, ఆ ఊపులో ఉపన్యాసం ఆఖరి పేరా దాకా వెళ్ళిపోయాను. ప్రేమ కాదు, అడ్డు. ఆగాను.

"ఆ మాటేదో మీరొచ్చి ఆయనకి సెప్పండి" అన్నారు దమయంతి గారు.

మర్నాడు పొద్దున్నే పిల్లల్ని తెచ్చే ఆటోలో వాళ్ళ ఊరు వెళ్ళాను. హేమ తండ్రి పేరు ఢిల్లీరావు. ఢిల్లీ చూసింది లేదు, విశాఖపట్నం మాత్రం చూడక తప్పడం లేదు. ఒకప్పుడు గునపానికి పొడిచి కొబ్బరికాయ డొక్క ఒలవడంలో ఆ ఊళ్ళో అతన్ని మించినవాడు లేడట. ఇప్పుడు సూదులు గుచ్చే ఎడమచేతి నరం తాడులా ఉబ్బి ఉంది. దాంతో బరువెత్తకూడదన్నారు డాక్టర్లు. అందుకని తోట, పశువు, బజారు అన్నీ దమయంతి గారే చూసుకుంటున్నారు. ఆయన అరుగు మీద నులకమంచంలో కూర్చుని ఉన్నాడు. ఎదురుగా హేమ, చేతులు రెండూ దించేసి, గెడ్డం పైకెత్తి, కొబ్బరిచెట్టు చివర చూస్తూ నిలబడి ఉంది.

"రండి మాస్టారూ, కూకోండి" అన్నాడు. "మా గుంటకి బొత్తాలు నేర్పుతన్నారంట. ఏటి, ఇంకా రానేదు?"

"నేర్చుకుంటోందండి."

"పెద్ద సదువే గావాల!" నవ్వాడు. ఆయన మొహం బాగా ఉబ్బి ఉంది, అయినా నవ్వు బాగుంది. "సూడండి, నానైతే ఇలగ పెట్టీత్తాను."

ఇలాగ పెట్టేశాడు అనడానికి లేదు. కుడిచేతి వేళ్ళకు పట్టు చాలడం లేదు. పై బొత్తాం పక్క కాజాలోకి వెళ్ళింది. తీసి, మళ్ళీ పెట్టాడు. హేమ కదల్లేదు. ఆ పిల్ల ఒక్క నిమిషం ఒకచోట నిలబడగలదని మా బళ్ళో ఎవరికీ తెలియదు. దమయంతి గారు నా చేతికి టీ గ్లాసు ఇచ్చి వెళ్ళి, గుమ్మంలోంచి, "సూసినారా?" అన్నట్టు నా వంక చూశారు. నా వృత్తిగౌరవం నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన ఆఖరి బొత్తాం పెట్టి, కాలరు మీద అరచేత్తో రెండుసార్లు తట్టి, "అయిపోనాది. ఇంకెల్లు" అన్నాడు.

నేను, "టీ బాగుందండి" అని లేచాను.

ఆటో దగ్గర దమయంతి గారు మందు రాయకుండా లేచిపోతున్న డాక్టరును చూసినట్టు చూశారు. "ఒక్క మాటా ఆడనేదేటి మాస్టారూ?"

"మీరొకసారి బడికి రండమ్మా. ఒక పూట కూర్చుని చూడండి. ఆ తర్వాత మీ ఇష్టం" అన్నాను.

ముందుగానే చెప్పేస్తాను, హేమ బడి మానలేదు. ఒకటో తరగతికి వెళ్ళేదాకా మా దగ్గరే ఉంది. విశాఖపట్నం బండీ తప్పలేదు. ఆ రోజుల్లో వాళ్ళింట్లో ఇంకాస్త ముందు లేవడం మొదలుపెట్టారు. నా ఉపన్యాసంలో ఆఖరి పేరా మాత్రం పోయింది. పిల్లకు చేతనైన పని మనం చేయకూడదన్న సూత్రం తప్పేమీ కాదు. పెద్దవాళ్ళకు చేతనైన పని ఏం మిగిలిందో కూడా లెక్కలోకి తీసుకోవాలని మాకు డిప్లొమాలో చెప్పలేదు, అంతే. అది నాకు తెలిసిన పూట ఇది.

మా పద్ధతిలో అబ్జర్వేషన్ అంటే పెద్దవాళ్ళు గోడవార కుర్చీలో కూర్చుని, నోరు మెదపకుండా చూడటం. దమయంతి గారిని అలా కూర్చోబెట్టాను. అమ్మ వచ్చిందని చూసి కూడా హేమ పట్టించుకోలేదు. చెంబులతో పనిలో ఉంది. నీళ్ళు ఒలికి గౌను తడిసింది. వెళ్ళి సంచిలోంచి పొడి గౌను తెచ్చుకుని, తలుపు చాటున మార్చుకుని, బొత్తాలు పెట్టుకుంటూ వచ్చింది. పై నుంచి కిందికి, చూసుకోకుండా, పక్కపిల్లతో కబుర్లు చెబుతూ. దారిలో చొక్కా తెరుచుకుని తిరుగుతున్న ఒక బుడతణ్ణి ఆపి, వాడివీ మొదలుపెట్టింది.

దమయంతి గారు కుర్చీలోంచి లేచిపోయారు.

"ఓలమ్మో! నీకొచ్చునేటే?"

గదంతా తిరిగి చూసింది. ఆవిడ గబగబా వెళ్ళి కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నారు. "మరి ఇంటికాడ ఎందుకు పెట్టుకోవే? మీ నాన్న బండి తప్పిపోతన్నాడు, తెల్దేటి నీకు?"

హేమ వాళ్ళమ్మను చూసింది, నన్ను చూసింది. ఇంత పెద్దవాళ్ళకు ఇది కూడా చెప్పాలా అన్నట్టుంది ఆ చూపు. బుడతడి ఆఖరి బొత్తాం కాజాలోకి దూర్చి అంది.

"నాను పెట్టీసుకుంటే నాన్నేటి సేత్తాడు?"