రెండుగా కోసిన నవల

మా తాత రాసిన నవలను మా నాన్న, పెదనాన్న కత్తితో రెండుగా కోసి పంచుకున్నారు. నేను పక్కనే నిలబడి చూశాను.

కాటన్‌పేటలో మాది కాగితాల టోకు వ్యాపారం. ఆ వీధిలో మా తాత ఎదురుపడితే జనం పక్కకు తప్పుకునేవారు. ఆయన తీరిక దొరికినప్పుడల్లా రాసి, సొంత కాగితం మీద అచ్చు వేయించిన పెద్ద పుస్తకం అది. సరిహద్దు పల్లెలో ఇద్దరు అన్నదమ్ముల పగ దాని కథ. వ్యాపారం చితికేనాటికి ఇంట్లో ఒక్క ప్రతే మిగిలింది. తొంభైల మొదట్లో పంపకాలకు కూర్చున్నారు. పెద్దవాడు పాళ్లు వేస్తాడు, చిన్నవాడు ముందు ఎంచుకుంటాడు. అది మాలో పద్ధతి. బిందెలు, తక్కెడలు, ఇనప్పెట్టె అన్నీ అలాగే తెగాయి. పుస్తకం దగ్గర ఇద్దరూ ఆగారు. దాన్ని వదులుకోవడమంటే తండ్రిని వదులుకోవడమే.

పెదనాన్న పురికొస కోసే కత్తి తీశాడు. పుస్తకాన్ని మధ్యకు తెరిచి దాని వీపు కుట్టు మీద దింపాడు. అట్ట గట్టిది. నాన్న రెండు చేతులతో అదిమి పట్టుకున్నాడు. కత్తి జారి ఆయన అరచేయి తెగింది. నాన్న చేయి తీయలేదు, పెదనాన్న కత్తి ఆపలేదు. పుస్తకం రెండు ముక్కలయ్యాకే నాన్న చేతికి గుడ్డ చుట్టుకుని మొదటి సగం తీసుకున్నాడు. తాత పేరు, ఫోటో ఉన్నది అందులోనే. నేనైనా అదే తీసుకునేవాణ్ణి. కథ చివర ఏమవుతుందని తర్వాత ఎన్నిసార్లు అడిగినా ఆయన ఒకటే మాట అనేవాడు. "అది మన పాలిది కాదు."

ఆయన పోయాక నేను మడివాళలో రెండు గదుల్లోకి మారాను. ఆంధ్రకు వెళ్లే బస్సుల టిక్కెట్లు రాసే కొట్టులో గుమస్తాని. ఆ ఇంటి పేరున్నవాడు అక్కడ కూర్చోవడం ఏమిటని అడిగినవాళ్లను ఏ ఊరికి, ఎన్ని టిక్కెట్లని అడిగేవాణ్ణి. పాత కంప్యూటరు ఒకటి కొన్నాను. నెట్ సెంటర్లో పేజీలు స్కాన్ చేయిస్తే బొమ్మలు వచ్చాయి తప్ప అక్షరాలు రాలేదు. తెలుగు అచ్చును చదివే యంత్రం అప్పటికి మాకు దొరకలేదు. కాబట్టి రోజూ పొద్దున, పనికి వెళ్లేముందు, చేత్తో టైపు చేశాను.

చదివేవాడు రక్తాన్ని దాటుకుని పోగలడు. టైపు చేసేవాడు ఒక్కో అక్షరం కొట్టాలి. నేను వత్తు సరిచేసుకునేదాకా వేటకొడవలి ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండేవాడు, కిందివాడు కళ్లు మూసుకుని ఎదురుచూస్తూ ఉండేవాడు. కాగితం పెళుసెక్కి పేజీ తిప్పితే మూల విరిగి చేతిలోకి వచ్చేది. విరిగిన ప్రతిసారీ నాకు ఎవరినో కొట్టాలనిపించేది.

మా ఆవిడ వెనక నిలబడి తెర వైపు చూసేది.

"ఈరోజు ఎవరు పోయినారు?"

"మేనమామ."

"పాపం. కాఫీ చల్లారిపోతాది, తాగి మిగిలినోళ్లను చంపండి."

మా సగం ఒక వాక్యం నడుమ ఆగిపోయింది. ఎవరో ఎవరి మీదికో గొడ్డలి తీసుకుని పరిగెత్తుతుండగా కాగితాలు అయిపోయాయి. సరిగ్గా అప్పుడే తెలిసింది, పెదనాన్న కొడుకు కాటన్‌పేట కొట్టు ఖాళీ చేసి హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఫ్లాటుకు మారుతున్నాడని, పాత సామానంతా గుజిరీకి, తుక్కు కింద, వేస్తున్నాడని. ఆ సగం తూకానికి పోతే తాత నవల ఎప్పటికీ సగమే. కత్తి దిగిన రోజు నుంచి మా వాళ్లెవరూ ఆ గడప తొక్కలేదు. నేను తొక్కాను.

ఆయన నాకంటే పెద్దవాడు. గల్లా దగ్గర కూర్చుని ఉన్నాడు. చుట్టూ కూలీలు మూటలు కడుతున్నారు.

"ఏమప్పా, ఇన్నేండ్లకు దారి తెలిసిందా?"

"తాత పుస్తకం కావాలన్నా. టైపు చేసుకుని తిరిగి ఇచ్చేస్తా."

ఆయన అటక మీది నుంచి దాన్ని దింపించి ఒళ్లో పెట్టుకున్నాడు. "కావల్లంటే గట్టిగా అడుగు. మా వాండ్లంతా వినల్ల."

గట్టిగా అడిగాను. నా జీవితంలో నాన్నను తప్ప ఇంకొకరిని నేను ఒకదాన్ని రెండుసార్లు అడగడం అదే మొదలు.

"ఇట్ల గాదు. ఆ పొద్దు మీ నాయన కత్తి కింద చేయి చాపినాడే, అట్ల చాపి అడుగు."

నా పిడికిలి ఆయన ముక్కు మీద పడింది. ఎముక కదిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆయన అదే పుస్తకంతో నా దవడ మీద కొట్టాడు. బరువైన పుస్తకం. పన్ను ఊడి నోట్లో ఉప్పగా తగిలింది. నేను పుస్తకం అంచు పట్టుకున్నాను, ఆయన రెండో అంచు వదలలేదు. కొట్లోంచి మెట్ల మీదికి, మెట్ల మీది నుంచి వీధిలోకి దొర్లాం. నా గొంతు మీద ఆయన మోకాలు, ఆయన చెవి నా గుప్పిట్లో. కుట్టు తెగింది. కాగితాలు వీధంతా చెదిరాయి. సరుకు ఆటో ఒకటి వాటి మీదుగా పోయింది. కొన్ని పక్కనున్న మురుగు మోరీలో పడ్డాయి. కూలీలు మమ్మల్ని విడదీశారు.

ఆయన చొక్కా అంతా రక్తం. "తీస్కపో," అన్నాడు. "మోరీలోవి గూడ నీకే."

నేను మోకాళ్ల మీద కూర్చుని, వీధి వీధంతా చూస్తుండగా, ప్రతి కాగితం ఏరాను. చివరికి మోరీలో మోచేయి దాకా చేయి పెట్టాను.

వాటిని కడిగి, బట్టల తాడు మీద ఆరేసి, ఇస్త్రీ చేసి టైపు చేశాను. గొడ్డలి పట్టుకుని పరిగెత్తినవాడు ఎవరో, ఎవరిని నరికాడో తెలిసింది. అన్నీ కుదిరాయి, ఆఖరి కాగితం తప్ప. అది దొరకలేదు.

ఒక ఆదివారం ఆయన ఫోన్ చేశాడు. ముక్కు ఎలా ఉందని నేను అడగలేదు.

"ఆఖరు కాగితం నీ దగ్గర లేదు గదా."

"లేదు."

"మోరీలో పోతావుంటే నేను జూసినా. రాసుకో. నాకు నోటికొచ్చు."

చెప్పాడు. చెరకు తోట గట్టు మీద అన్న తమ్ముడి మెడ మీద ఒక్కటే వేటు వేశాడు. తమ్ముడు నీళ్లు అడిగాడు. అన్న కాలువ నుంచి దోసిలితో నీళ్లు తెచ్చాడు. తెచ్చేసరికి తాగేవాడు లేడు.

పెద్దవాడి కొడుకు కదా, చిన్నవాడిని చంపి ముగించాలని ఈయనకు ఉండదా? నేను నమ్మలేదు. మళ్లీ చెప్పమన్నాను. చెప్పాడు. ఇంకేదో మాట్లాడి, నడుమ ఆపి, మళ్లీ అడిగాను. ఒక్క మాట మారలేదు. కల్పించుకున్నవాడు అలా చెప్పలేడు. అది తాత రాసిందే.

"ఒకటి చెప్పప్పా," అన్నాడు. "ముందర భాగం నేను కండ్లజూడలేదు. ఇంతకూ ఆ చిన్నోడు ఏం జేసినాడు?"

"అన్న గడ్డివాముకు నిప్పు పెట్టాడు. పక్కనే కొట్టంలో ఎద్దులు కట్టేసి ఉన్నాయి."

"ఎద్దుల్ని ఇప్పి ఇడిసిపెట్టలేదా?"

"లేదు. అవి అరుస్తుంటే నిలబడి చూశాడు."

ఫోనులో ఆయన ఊపిరి వినిపించింది. ముక్కుతో పీల్చలేక నోటితో పీలుస్తున్నాడు.

"అట్లయితే సరిపోయిందిలే," అన్నాడు. "ఆ నీళ్లు గూడ తేవాల్సింది గాదు."

 ఆయన ఫోను పెట్టేశాక ఆ నాలుగు వాక్యాలూ టైపు చేశాను, నీళ్లతో సహా.