కొబ్బరిచెట్టు మీద మట్టిమరక

ఆ రోజు రైల్లో నేనన్న మాట గుర్తొస్తే ఇప్పటికీ నామీద నాకే ఒళ్లు మండుతుంది.

సింగపూర్‌లో, పాసిర్ రిస్ స్టేషన్లో రైలెక్కి, గోదావరి నడుమ ఉన్న ఓ లంకలో అమ్మకానికున్న ప్లాట్ల ఫోటో ఫోన్‌లో చూసుకుంటున్నాను. పచ్చటి అరటితోటలు, చల్లగాలి, గుమ్మంలో నిలబడితే నది కనిపిస్తుందట. హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో పెరిగినవాడికి ఇంకేం కావాలి? పక్కసీట్లో సిమెంటు మరకల బూట్లతో కూర్చున్న పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగిచూశాడు.

"కొంటున్నారేటండీ?"

తలూపాను. ఆయన ఫోటోలో కొబ్బరిచెట్టు మీద వేలు పెట్టాడు.

"మాదీ లంకేనండి. మానుకి ఇక్కడిదాకా మట్టిరంగు పట్టేసింది, చూశారా? వరద ఇంతెత్తు వచ్చిందండి. మావైపు స్థలం కొనేటప్పుడు ముందు చెట్లు చూస్తాం. ఆ తర్వాతే కొలతలు."

అడగని సలహా ఎవరిచ్చినా నాకు చిర్రెత్తుకొస్తుంది. "అన్నీ తెలిసినవాళ్లు అక్కడే ఉండొచ్చుగా, ఇక్కడికెందుకొచ్చారు?" అనేశాను.

"ఇల్లు మునిగితేనే వచ్చానండి" అని మెల్లగా చెప్పి, తర్వాతి స్టేషన్లో దిగిపోయాడు.

నామీద నాకొచ్చిన కోపమంతా సాయంత్రం ఆ ప్లాట్లమ్మే ఏజెంటుకి ఫోన్ చేసి వెళ్లగక్కాను. చెట్ల మీద ఆ మరకేంటని నిలదీశాను.

"వరదేంటి సార్, అక్కడికి చుక్క నీళ్లు రావు! పాత ఫోటో సార్ అది. కొత్తది పంపిస్తా" అన్నాడు.

వారం తిరక్కుండానే పంపించాడు. అదే తోట, అదే నది. చెట్లన్నిటికీ, సరిగ్గా పెద్దాయన వేలు పెట్టిన ఎత్తుదాకా, తెల్లగా సున్నం కొట్టించారు.